తలకు తగిలిన చిన్న దెబ్బ: మరల పనిలోనికి వచ్చుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలలో పుస్తకముల మేలును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈ పూట ఎన్నుకొన్న విషయము వేరు. ఒక మనిషికి తలపై చిన్న దెబ్బ తగిలినది. ఒకటి రెండు నిమిషములు స్పృహ తప్పినది. లేదా తప్పనే లేదు, కొంతసేపు అయోమయముగా ఉన్నది. ఆసుపత్రిలో సి.టి. స్కాను తీసి, లోపల రక్తస్రావము లేదనియు, ఎముక చిట్లలేదనియు చెప్పి ఇంటికి పంపినారు. ఆ మనిషి మరల తన పనిలోనికి ఎప్పుడు పోవలెను? ఎట్లు పోవలెను? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీనికి సరియైన సమాధానము తెలియకపోవుట చేత కొందరి కొలువులు పోవును, కాపురములలో కలతలు పుట్టును, కష్టజీవికి సోమరి యను పేరు వచ్చును.

కాలు విరిగినవానికి పిండికట్టు కలదు. దానిని చూచినవారెల్లరు ప్రక్కకు తొలగి దారి ఇత్తురు, బరువు మోయుమని ఎవరును అడుగరు. తల లోపలి దెబ్బకు కట్టు లేదు. పైన చిన్న కుట్టు ఉండిన నది పది దినములలో మానును. అటుపిమ్మట ఆ మనిషి చూచుటకు మునుపటివలెనే యుండును; తినును, నడచును, పలుకరించినచో నవ్వును. కాని సంతలో నిలుచుండలేడు, పిల్లల అల్లరికి మండిపడును, చెప్పిన నాలుగు సరుకులలో రెండు మరచి వచ్చును, మధ్యాహ్నమునకే ఒళ్లు వాలిపోవును. ఇంటివారు మొదటి వారము ఓర్తురు. రెండవ వారము గొణుగుదురు. మూడవ వారము, "స్కానులో ఏమియు లేదని డాక్టరు చెప్పలేదా?" అని అడుగుదురు.

ఈ జిల్లాలో ఇట్టి దెబ్బలకు కొదువ లేదు. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీటితో బోధను చుట్టుప్రక్కల నేల చెరకుతోట అయినది. 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడువరకు చెరకు నరకుట, బండ్ల కెత్తుట, కాటా వద్ద వరుసలో నిలుచుట, రాత్రి పాళీ ముగించి చీకటిలో ఇల్లు చేరుట అనేక కుటుంబముల దినచర్య. కర్మాగారము ఆగినను ప్రమాదము లాగలేదు. ఇప్పుడు చెరకు దూరపు మిల్లులకు ట్రాక్టర్ల మీదను, లారీల మీదను పోవుచున్నది. బియ్యపు మిల్లులలో హమాలీలు బస్తాలు మోయుచున్నారు. గీత కార్మికులు తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కుచున్నారు. గల్ఫు దేశములలో కట్టడపు పనులకు పోయినవారు ఊరూర కలరు. పేర్చిన బస్తా జారి నెత్తిన పడుట, ట్రాలీ పైనుండి వెల్లకిల పడుట, రాత్రివేళ గేదెను తప్పింపబోయి మోటారు సైకిలుతో దొర్లుట, ఇవి వార్తాపత్రిక కెక్కునంత పెద్ద సంగతులు కావు. ఇండ్లలో మాత్రము నెలల తరబడి మిగిలిపోవును.

వైద్యులు ఈ దెబ్బను స్వల్పమని దేనినిబట్టి అందురో ముందుగా తెలిసికొనవలెను. 1974లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమునందు గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అను ఇద్దరు శస్త్రవైద్యులు ఒక కొలమానమును ప్రకటించినారు. గాయపడినవాడు కన్ను తెరచుటను, మాట పలుకుటను, చెప్పినట్లు కాలు చేయి కదల్చుటను విడివిడిగా చూచి గుణములు వేయుదురు. అన్నియు సరిగా ఉన్న 15, ఏమియు లేనిచో 3. అది 13 మొదలు 15 వరకు ఉండి, స్పృహ తప్పినది అరగంటకు మించక, జ్ఞాపకము చెదరినది ఒక దినమునకు మించకున్నచో దానిని స్వల్ప గాయమందురు. కన్‌కషన్ అను మాట కూడ ఈ తరగతి దెబ్బకే వాడుదురు. స్వల్పమను మాట ఆ మొదటి గంటలలోని స్థితికి పెట్టిన పేరు మాత్రమే. రాబోవు నెల ఎట్లుండునో అది చెప్పదు. ఆసుపత్రి వాకిట ఈ ఒక్క సంగతి విప్పి చెప్పకపోవుట చేతనే సగము చిక్కులు పుట్టుచున్నవి.

స్కానులో కనబడనప్పుడు లోపల జరిగిన దేమి? మెదడు సుమారు ఒకటింబావు మొదలు ఒకటిన్నర కిలోల బరువుగల మెత్తని పదార్థము. నీటివంటి ద్రవములో తేలుచు పుర్రెలో ఉండును. తల హఠాత్తుగా ఆగినప్పుడు లేదా గిరుక్కున తిరిగినప్పుడు లోపలి సన్నని నరపు పోగులు సాగును. పోగులు తెగకపోయినను, నరకణముల గోడలలోని ద్వారములు అదుపు తప్పి, లోపల ఉండవలసిన లవణములు వెలికి, వెలుపలివి లోనికి పోవును. వానిని మరల తమ చోట్లకు చేర్చుటకు కణములు ఎంతో శక్తిని ఖర్చు పెట్టవలెను. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తము కొంత తగ్గి పారును. అమెరికాలో గీజా, హోవ్డా అను పరిశోధకులు 2001లో ఈ వరుసను విపులముగా వివరించినారు. మెదడు దేహపు బరువులో నూటికి రెండు పాళ్లే. దేహమంతయు ఖర్చు చేయు శక్తిలో ఐదవ వంతు దానిదే. ఆ శక్తి చాలవరకు గ్లూకోజు అను చక్కెరనుండి వచ్చును. చక్కెర సీమలో పుట్టినవారికి ఈ మాట వినుటకు ఇంపుగా ఉండవచ్చును గాని, బెల్లము తినిపించినంత మాత్రమున ఈ కొరత తీరదు. కావలసినది కాలము, క్రమము తప్పని నిద్ర, మితమైన పని. సి.టి. స్కాను రక్తపు గడ్డను, ఎముక పగులును చూపగలదు. కణముల శక్తి ఖర్చు దాని కంటికి అందదు.

ఇక పని విషయము. దీనిని మొదటగా లెక్కగట్టి చూచినవారిలో న్యూజీలండు దేశపు ఆక్లండు నగరమునకు చెందిన డొరొతీ గ్రోన్వాల్ అను మనస్తత్త్వవేత్త, ఫిలిప్ రైట్‌సన్ అను శస్త్రవైద్యుడు ముఖ్యులు. తలకు చిన్న దెబ్బ తగిలి పోయినవారు కొన్ని వారముల తరువాత వచ్చి, "పనిలో నిలువలేకున్నాము, మనస్సు కుదురుట లేదు" అని మొరపెట్టుకొనెడివారు. సామాన్యమైన తెలివి పరీక్షలలో వారికి ఏ లోపమును కనబడకుండెను. అప్పుడు గ్రోన్వాల్ ఒక చిత్రమైన లెక్క పెట్టినది. ఒక గొంతు వరుసగా అంకెలు చదువును. వినువాడు ప్రతి అంకెను దానికి ముందటి అంకెతో కూడి చెప్పవలెను. మూడు, ఏడు అనగానే పది; తరువాత ఐదు అనగానే పన్నెండు; తరువాత రెండు అనగానే ఏడు. తాను చెప్పిన మొత్తమును మరచి, విన్న అంకెను గుర్తుంచుకొనవలెను. మొదట సుమారు రెండున్నర సెకండ్లకు ఒక అంకె, ఆపై వేగము పెంచుచు ఒకటింబావు సెకండు వరకు. కూడిక మూడవ తరగతి పిల్లవానికి వచ్చినదే. దెబ్బ తిన్నవారికి కూడిక రాకపోలేదు, వేగము అందలేదు.

వీరిద్దరు 1974లో ప్రకటించిన పరిశీలన సారాంశ మిది: దెబ్బ తరువాత మనస్సు ఒక్క క్షణములో గ్రహింపగల పని తగ్గును; చాలమందికి నెల, నెలపై కొన్ని దినములలో మరల పూర్వస్థితికి వచ్చును; బాధ చెప్పుకొనుచున్నవారికి ఆ పరీక్షలో వేగము నిజముగనే తక్కువ; వేగము తిరిగి వచ్చినప్పుడు బాధలును తగ్గును. ఆ తరువాత వారు ఈ లెక్కను ఆధారముగా గొని ఎవరిని ఎప్పుడు పనికి పంపవలెనో నిర్ణయించుచు వచ్చినారు. 1975లో మరియొక సంగతి తెలిపినారు. ఒకసారి దెబ్బ తిని కోలుకొన్నవానికి రెండవ మారు తగిలినచో, వేగము మరింత తగ్గును, మరింత ఆలస్యముగా వచ్చును.

అంతకు పూర్వము లోకము వీరిని నమ్మినది తక్కువ. 1866లో ఇంగ్లండు వైద్యుడు ఎరిక్‌సెన్ రైలు ప్రమాదములలో చిక్కి, పైకి గాయము లేకున్నను పనిచేయలేకపోయినవారిని గూర్చి గ్రంథము వ్రాసినాడు. నాటినుండి ఇది నిజమైన వ్యాధియా, రైలు కంపెనీనుండి సొమ్ము రాబట్టు ఎత్తా అను వాదము నడచినది. 1961లో హెన్రీ మిల్లరు అను పేరుపొందిన నాడీ వైద్యుడు, పరిహారము చేతికి వచ్చినచో ఈ జబ్బు దానంతటది పోవునని చెప్పినాడు. ఆయన మాటకు చాలకాలము కోర్టులలో విలువ యుండెను. తరువాతి పరిశీలనలలో, సొమ్ము ముట్టి వ్యవహారము ముగిసిన పిమ్మట కూడ అనేకులు బాధపడుచునే యున్నట్లు తేలినది. నటించువారు ఉండరని కాదు. అన్ని రోగములలోను కొందరుందురు. కాని ఒక నటుని పట్టుకొనుటకై పదిమంది రోగులను అవమానించు పద్ధతి న్యాయమనిపించుకొనదు.

చదువరులకు బాగుగా తెలిసిన ఉదాహరణ ఒకటి క్రికెట్టు ఆటలో ఉన్నది. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానమున ఇంగ్లండుతో ఆడుచుండగా ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్‌కు ఆర్చరు విసిరిన బంతి చెవి క్రింద మెడపై తగిలినది. పడిపోయి లేచినాడు. వైద్యుడు పరీక్షించినాడు, అన్నియు సరిగా ఉన్నవి. గంట తిరుగక మునుపే మరల బ్యాటు పట్టి 92 పరుగులవరకు ఆడినాడు. మరునాటి ఉదయము తలనొప్పి, మగత. అతనిని ఆటనుండి తప్పించి లబుషేన్‌ను దింపినారు. టెస్టు ఆటలో ఇట్లు బదులు ఆటగాడు రావచ్చునను నియమము ఆ నెలలోనే అమలైనది. స్మిత్ తరువాతి పందెమును విడిచిపెట్టి, ఆ పై పందెములో వచ్చి 211 పరుగులు చేసినాడు. లోకప్రసిద్ధుడు, ప్రక్కనే వైద్యుడు, చేతిలో పరీక్షల పట్టిక. అయినను లక్షణములు ఒక రాత్రి గడచిన తరువాతనే బయటపడినవి. దెబ్బ తగిలిన సాయంత్రము "బాగుగనే ఉన్నాను" అని హమాలీ అన్న మాటను పట్టుకొని మరునాడు బస్తా ఎత్తించుట ఎంతవరకు తగునో ఆలోచింపవలెను.

తెలుగు దేశమున అందరి నోట నానిన సంగతి మరియొకటి. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదు తీగల వంతెన మీద సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి పడినాడు. అది స్వల్ప గాయము కాదు; దానిని ఈ తరగతిలో చేర్చుటకు వీలులేదు. శిరస్త్రాణము ధరించియుండుట అతనిని కాచినది. ఇచ్చట చెప్పదగినది వేరు. తిరిగి నటనకు వచ్చినప్పుడు మాట సరిగా రాక ఇబ్బందిపడిన సంగతిని అతడే పదుగురి ముందు చెప్పుకొన్నాడు. 2023 ఏప్రిలులో "విరూపాక్ష" చిత్రము విడుదలయినది. మాటయే వృత్తియైన మనిషి మాట తడబడినదని సిగ్గుపడక చెప్పుట వలన, ఊళ్లలో ఇదే బాధను లోలోపల దాచుకొన్నవారికి కొంత ధైర్యము కలిగియుండును.

విశ్రాంతి ఎన్ని దినములు? పూర్వము వైద్యులు చీకటి గదిలో పడుకొనుడని, తలనొప్పి పూర్తిగా పోవువరకు లేవరాదని చెప్పెడివారు. ఇప్పుడా మాట మారినది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున కూడిన నిపుణులు ఆటగాండ్ర విషయమున చేసిన నిర్ణయములో, మొదటి ఒకటి రెండు దినములు నెమ్మదిగా ఉండి, పిమ్మట నడక వంటి తేలిక కదలికలు మొదలు పెట్టవలెనని, పూర్తి పడక మేలు చేయదని చెప్పినారు. ఎక్కువ దినములు పడుకొన్నవానికి నిద్ర చెడును, దిగులు పట్టును, కండ్లు వెలుతురు నోర్వవు. అట్లని మూడవ నాడే పూర్తి పాళీకి పోయినవాడు సాయంత్రమునకు వాంతితో ఇంటికి వచ్చును. మరల పోవుటకు భయపడును.

చక్కెర మిల్లులో పనిచేసినవారికి ఇది వింత మాట కాదు. ఋతువు మొదలుకాగానే మొదటి దినమే పూర్తి చెరకు గానుగకు వేయరు. బాయిలరును మెల్లగా వేడిచేసి, కొద్ది చెరకుతో నడిపి, ఎక్కడ కారుచున్నదో, ఎక్కడ వేడెక్కుచున్నదో చూచి, దినదినము పెంచుదురు. మనిషి విషయమున కూడ అంతియే. మొదట ఇంటిలో అరగంట పని. అది పడినచో రెండు పూటలు. పిమ్మట పనిచోటికి పోయి రెండు మూడు గంటలు. ఆపైన సగము దినము. పని పెంచినప్పుడు తలనొప్పి కొంచెము పెరిగి గంటలోపల తగ్గినచో భయములేదు. బాగుగా పెరిగినచో ఆ దినమున కాపి, మరునాడు క్రిందిమెట్టు నుండి సాగవలెను. ఎన్ని దినములకు ఏ మెట్టు అనుటకు పంచాంగము లేదు. రెండు వారములలో పూర్తిచేయువారు కలరు. మూడు నెలలు పట్టువారును కలరు. కొద్దిమందికి అంతకు మించును.

తేలిక పని యనగా నేమి? దీని విషయముననే సద్బుద్ధిగల యజమానులు కూడ పొరపాటు పడుచున్నారు. బియ్యపు మిల్లులో దెబ్బ తిన్న హమాలీ వచ్చినాడనుకొందము. మేస్త్రీ జాలిపడి, "బస్తాలు మోయవద్దులే, తలుపు వద్ద కూర్చుండి వచ్చిన లారీల బస్తాలు లెక్కపెట్టుము" అనును. ఒంటికది తేలికయే. తలకు అదే పెనుబరువు. ఒక ప్రక్క యంత్రపు రొద, ఒక ప్రక్క డ్రైవర్ల కేకలు, కండ్ల ముందర కదలు బస్తాలు, నడుమ అంకె తప్పరాదు. ఇది గ్రోన్వాల్ పెట్టిన పరీక్షకు తోబుట్టువు. ఇరువది బస్తాలు తేడా వచ్చినచో దొంగతనమను మాట కూడ మీద పడును. అట్టివానికి మొదటి వారములలో రొదకు దూరముగా చేయగల, ఒకేసారి ఒకటే చూడవలసిన, ఎవరును తొందరపెట్టని పని ఈయవలెను. గోనె సంచులు మడచి కట్టలు కట్టుట, చిరిగినవి కుట్టుట, ఎండిన వడ్లను ప్రోగుచేయుట అట్టివి. నిచ్చెన ఎక్కుట, కత్తి పట్టి చెరకు నరకుట, తిరుగు పట్టాల దగ్గర నిలుచుట, బండి నడుపుట తల తిరుగుట పూర్తిగా పోవువరకు తగవు. గీత కార్మికుడు చెట్టెక్కు విషయమున వైద్యుని మాట తప్పక వినవలెను. ఒక దెబ్బ మానక మునుపు రెండవది తగులుట ఎంత చేటో ఆక్లండు వైద్యుల మాటలో ఇంతకు మున్నే వచ్చినది.

బీడీలు చుట్టు స్త్రీల సంగతి మరి వేరు. వారికి మేస్త్రీ దయ అక్కరలేదు, పని ఇంటనే ఉన్నది. కాని కూలి వేయికింత యను లెక్క. తునికాకు కత్తిరించుట, పొగాకు నింపి చుట్టుట చేతి అలవాటుతో సాగిపోవును. చేయి మరవదు. కట్టకు ఎన్ని చుట్టినదో మాత్రము నడుమ మరచును. గంటల కొలది మెడ వంచి కూర్చుండుటచే మెడ నరములు పట్టి తలనొప్పి హెచ్చును. పొగాకు ఘాటుకు కడుపులో తిప్పును. అరగంట కొకసారి లేచి, మెడ తిప్పి, గాలికి నడచి రావలెను. లెక్కను ఇంటిలో మరియొకరు చూడవలెను. వేయికి బదులు మూడు నాలుగు వందలతో మొదలిడిన ఆ వారపు కూలి తగ్గునన్న మాట నిజమే. ఇంటెడు వంట, నీళ్లు, పిల్లల పని తగ్గింపక బీడీలను మాత్రము తగ్గించినచో ఫలముండదు. ఇంటి పనిని పనిగా లెక్కింపని ఆచారము ఇచ్చట రోగికి నేరుగా కీడు చేయుచున్నది. అత్తగారు, ఆడుబిడ్డలు ఈ మాటను మన్నింతురు గాక.

కొన్ని బాధలకు సులువైన మందు ఉన్నది. అది తెలియక నెలలు గడపువారున్నారు. మంచముమీద ప్రక్కకు తిరుగగానే ఇల్లు గిర్రున తిరిగినట్లు అయి అర నిమిషములో తగ్గినచో, అది మెదడులోని లోపము కాకపోవచ్చును. లోపలి చెవిలోని సన్నని సున్నపు రేణువులు దెబ్బకు చోటు తప్పి ఉండును. చెవి వైద్యుడు తలను ఒక వరుసలో త్రిప్పి వానిని యథాస్థానమునకు చేర్చగలడు. ఎపిలీ అను అమెరికా వైద్యుడు కనుగొన్న ఉపాయ మది. కొన్ని నిమిషముల పని. మరియొకటి, తలనొప్పికి దినము దినము దుకాణములో బిళ్లలు కొని మ్రింగుట. నెలలో సగము దినములకు మించి మ్రింగినచో ఆ బిళ్లలే తలనొప్పిని నిలిపి ఉంచును. నిద్ర పట్టకున్నను, దిగులు మరీ ఎక్కువైనను వైద్యునకు చెప్పుకొనవలెను. అవియును ఈ దెబ్బ వెంట వచ్చునవే, చికిత్సకు లొంగునవే.

ప్రమాద సూచనలు వేరు. దెబ్బ తగిలిన పిమ్మట మాటిమాటికి వాంతి, గంటగంటకు పెరుగు తలనొప్పి, మూర్ఛ, మాట ముద్దయగుట, ఒక ప్రక్క కాలుచేతులు బలహీనమగుట, రెండు కంటిపాపలు సమముగా లేకుండుట, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరువంటిది కారుట, లేపినను లేవని మగత, వీనిలో ఏ ఒక్కటి కనబడినను క్షణమాలస్యము చేయక 108 బండిని పిలువవలెను. ఉల్లిగడ్డ వాసన చూపుచు, నీళ్లు చల్లుచు కూర్చుండరాదు. ఈ ప్రాంతమున కల్లు త్రాగువారు పలువురు. మత్తుమందు కలిపిన కల్లు తెచ్చు అనర్థములు జిల్లాలో ఎరుగనివారు లేరు. త్రాగి పడినవాడు లేవకున్నచో "మత్తు దిగినచో తానే లేచును" అని అరుగుమీద పడుకొనబెట్టి పోవుదురు. మత్తు ఏదో, మెదడులోని రక్తపు గడ్డ ఏదో అరుగుమీద తేల్చుట ఎవరి తరమును గాదు. వయసు మళ్లినవారికి, రక్తము పలుచనగుటకు మందు పుచ్చుకొనువారికి, నిత్యము త్రాగువారికి చిన్న దెబ్బ తరువాత రెండు మూడు వారములకు కూడ గడ్డ మెల్లగా పెరుగవచ్చును. తాత నడక తడబడుచున్నది, మాట తికమకపడుచున్నది యన్నచో వయసు మీద నెట్టివేయక, గత నెలలో పడినాడా యని అడుగవలెను.

చట్టమును గూర్చి రెండు మాటలు. పనిలో తగిలిన గాయమునకు యజమాని పరిహార మీయవలెనని 1923లోనే చట్టము వచ్చినది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము క్రింద చేరిన కార్మికులకు జబ్బు సెలవులో వేతనమున నూటికి 70 వంతులు ఏడాదికి 91 దినములవరకు, పనిలో గాయమైనచో నూటికి 90 వంతులు ఇచ్చు పద్ధతి ఏర్పడినది. ఇంటినుండి పనికి పోవుచు వచ్చుచు దారిలో జరిగిన ప్రమాదమును కూడ 2010లో దానిలో చేర్చినారు. ఈ చట్టములన్నియు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో లీనము చేయబడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వపు కొలువులో ఉండగా వైకల్యము పొందినవానిని తొలగింపరాదని, హోదా తగ్గింపరాదని చెప్పుచున్నది. అయితే వీనిలో దేనికైనను కాగితము కావలెను. స్వల్ప గాయమున కాగితమే దొరకదు. స్కాను బాగున్నదను చీటితో ఇంటికి వత్తురు. కావున మొదటి దినముననే స్పృహ తప్పినదా, ఎంతసేపు, దెబ్బకు ముందటి సంగతి జ్ఞాపకమున్నదా యను వివరములను ఆసుపత్రి చీటిలో వ్రాయించుకొనవలెను. తిరిగి పనికి పంపునప్పుడు "ఆరోగ్యవంతుడు" అని ఒక్క మాట వ్రాయించుటకంటె, ఎన్ని గంటలు పనిచేయవచ్చును, ఏ పనులు చేయరాదు, మరల ఎప్పుడు చూపింపవలెను అని వ్రాయించుట వేయిరెట్లు మేలు. నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాలకు చేరిన పెద్దాసుపత్రిలో గాని, బోధను ప్రభుత్వాసుపత్రిలో గాని వైద్యుని అడిగి వ్రాయించుకొనుటకు సంకోచము అక్కరలేదు.

పొలములోను, అడ్డా మీదను పనిచేయువారికి ఈ చట్టములు చాలవరకు అందవు. వారికి యజమాని దినమున కొకడు. హమాలీ ముఠాలలో వచ్చిన కూలిని సమముగా పంచుకొను వాడుక కలదు. మెల్లగా పనిచేయువాడు ఒకడున్న మిగిలినవారికి భారమే. అయినను ముఠాలోని పదిమందియు ముందుగా మాటాడుకొని, ఫలానా వానికి ఇన్ని వారములు సంచులు కుట్టు పని, సగము పాలు అని తేల్చుకొన్నచో, వాడు నొప్పిని దాచి బస్తా ఎత్తి పడిపోవు అవస్థ తప్పును. చెప్పకుండ ఓర్చుకొన్న జాలి నెలకు మించి నిలువదు. చెప్పి చేసికొన్న ఒప్పందము నిలుచును.

చివరకు పుస్తకముల మాట రాకపోలేదు. తలకు దెబ్బ తగిలినవారికి చదువుట చాల దినములు కష్టముగా ఉండును. పంక్తి తరువాత పంక్తి కండ్లు జారును. పేజీ చివరకు వచ్చునప్పటికి మొదలు మరపునకు వచ్చును. నవలలు నమలి మ్రింగిన పాఠకుడు పత్రికలో పెద్ద అక్షరముల శీర్షికలు చూచి మడచి పెట్టును. అది చదువు మీద విరక్తి కాదు. దినమునకు పది నిమిషములతో మొదలిడి, ఒక చిన్న వార్త, పిమ్మట ఒక చిన్న కథ, ఇట్లు పెంచుకొనవచ్చును. చదివిన దానిని ప్రక్కవానికి రెండు మాటలలో చెప్పగలిగిన నాడు గుమాస్తా తన లెక్కల పుస్తకము, ఉపాధ్యాయుడు తన పాఠము తెరచుటకు సమయము దగ్గరపడినట్లు. అట్టి చందాదారుడు తీసికొనిపోయిన గ్రంథమును పదునైదు దినముల గడువు దాటించి, పుటలు విప్పకయే తెచ్చినప్పుడు, ఆలస్య రుసుము అడుగకుండ అదే గ్రంథమును మరియొక పక్షమునకు అతని పేర వ్రాసి ఇచ్చుట గ్రంథపాలకుని చేతిలోని పని.